రిపోర్టు నార్మల్ అన్న తరువాత

(మే 12న శ్రీకాకుళంలో నర్సింగ్ విద్యార్థినులు, ఆశా కార్యకర్తలు, యువ వైద్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, తోటి వైద్యులకు, ముందు వరుసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులకు, ఎండనపడి దూరాభారాల నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలకు నమస్కారం.

ఈ రోజు మీ రోజు. ఫ్లారెన్స్ నైటింగేల్ 1820లో ఇదే తేదీన పుట్టారు. ఆమె దీపం పట్టుకుని సైనికుల మంచాల మధ్య తిరిగిన సంగతి మీ పాఠాల్లో ఉంటుంది గాని, క్రిమియా యుద్ధం నుంచి తిరిగివచ్చిన తరువాత ఏళ్ళ తరబడి నొప్పితో, నీరసంతో మంచం పట్టి, ఆ మంచం మీద నుంచే ఆసుపత్రుల తీరును మార్చిన నివేదికలు రాశారన్న సంగతి అంతగా చెప్పుకోరు. ఆమెకు ఫలానా జబ్బే ఉండేదని నేను అనడం లేదు. కాని దీర్ఘకాలం నొప్పితో బతికిన మనిషిగా ఆమెను తలచుకుని, ఇదే తేదీని ఫైబ్రోమయాల్జియా, అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకుండానే ఒళ్ళంతా దీర్ఘకాలం నొప్పి పెట్టే జబ్బు, అవగాహన దినంగా కూడా పాటిస్తున్నారు. నా ఉద్యోగ జీవితం చాలావరకు ఆ ఒక్క జబ్బుతోనే గడిచింది కాబట్టి, నన్ను పిలిచిన వారు దాని గురించే మాట్లాడమన్నారు.

మాది పొందూరు పక్కన పల్లె. మా పెద్దమ్మ నూలు వడికేది. వాలుగ చేప దవడ ఎముకను చేత్తో పట్టుకుని, దాని సన్నటి పళ్ళతో పత్తిని ఏకి, నలుసు లేకుండా చేసి, ఆ తరువాత రాట్నం ముందు కూర్చునేది. ఆ పనికి బలం కన్నా వేళ్ళ ఒడుపు ముఖ్యం. నేను హైస్కూల్లో ఉండగా ఒక ధనుర్మాసంలో ఆ దవడ ఎముక ఆమె చేతిలోంచి జారిపోవడం మొదలైంది. వేళ్ళు వాయలేదు, ఎర్రబడలేదు. పొద్దున్నే లేచేసరికి "రాత్రంతా కుప్ప నూర్చినట్టుందే" అనేది. పడుకునేది గాని, నిద్రపోయినట్టు ఉండేది కాదు. కొన్నాళ్ళకు గాజులు తీసి గూట్లో పెట్టింది. ముంజేతికి గాజు తగిలినా నొప్పి అని ఆమె చెబితే ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మొగుడు బతికుండగా గాజులు తీయడమేమిటని మాత్రం అందరూ కోప్పడ్డారు.

పట్నం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు, రక్తం పరీక్ష చేయించారు. చూసిన డాక్టరుగారు కాగితాలు తిరగేసి, మా పెదనాన్న వైపు తిరిగి, "అన్నీ నార్మల్. ఏమీ లేదు. పని తగ్గించుకోవాలనుకునే వాళ్ళకు ఇలాంటివి వస్తుంటాయి" అన్నారు. ఆ మాట ఆయనకు అర నిమిషం పని. మా పెద్దమ్మకు మాత్రం అది తరువాతి పాతికేళ్ళ బతుకు అయింది. ఆ రోజు నుంచి ఆమె నొప్పి గురించి మాట్లాడడం మానేసింది. నొప్పి తగ్గిందని ఇల్లంతా అనుకుంది. పెరట్లో ఎవరూ చూడకుండా గోడకు చేతులు ఆనించి నిలబడే ఆమెను నేను చూశాను కాబట్టి, తగ్గలేదని నాకు తెలుసు.

ఆ కథ విని మీరు ఆ డాక్టరుగారి మీద కోపం తెచ్చుకోకండి. వైద్యం చదివి, తెల్లకోటు వేసుకుని, అవుట్‌పేషెంట్ గదిలో కూర్చున్న రెండో ఏడాదే అదే మాట నేనూ అన్నాను. ఆమదాలవలస వైపు నుంచి వచ్చిన ఒక నాట్ల కూలీ ఆమె. మెడ, భుజాలు, నడుము, మోకాళ్ళు, పాదాలు, ఎక్కడ ముట్టుకున్నా నొప్పి. పరీక్షలన్నీ బాగున్నాయి. "నీకేం లేదమ్మా" అన్నాను. ఆవిడ ఆ రిపోర్టులను మడతపెట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, లేవబోతూ ఆగి, "ఏటీ నేకపోతే మరి ఈ బాదేటమ్మా?" అని అడిగింది. నన్ను నిలదీయడానికి అడిగిన మాట కాదు అది. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. ఆ సాయంత్రం నేను లైబ్రరీకి వెళ్ళాను. అప్పటి నుంచి ఇప్పటి దాకా నేను చదివినదీ, చేసినదీ ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే.

ఈ జబ్బు చరిత్ర ఒక తప్పు పేరుతో మొదలైంది. 1904లో లండన్‌లో సర్ విలియం గవర్స్ అనే నరాల వైద్యుడు నడుము నొప్పి మీద ఉపన్యాసం ఇస్తూ దీనికి 'ఫైబ్రోసైటిస్' అని పేరు పెట్టారు. చివర 'ఐటిస్' ఉందంటే అక్కడ వాపు ఉందని అర్థం. తరువాతి వాళ్ళు కండ ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఆ వాపు కనిపించలేదు. వాపు కనిపించకపోతే పేరు తప్పేమోనని అనుమానించడానికి బదులు, రోగే అబద్ధం చెబుతోందని చాలామంది అనుమానించారు. పేరు మారడానికి 70 ఏళ్ళు పైగా పట్టింది. 1976లో ఫిలిప్ హెంచ్ 'ఫైబ్రోమయాల్జియా' అన్నారు, అంటే పీచు కణజాలంలోనూ కండరాల్లోనూ నొప్పి అని మాత్రమే అర్థం.

అంతకు ముందు ఏడాది, 1975లో, టొరంటోలో హార్వే మోల్డోఫ్‌స్కీ బృందం చేసిన ప్రయోగం గురించి నేను మొదటిసారి చదివినప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. ఈ రోగుల నిద్రను యంత్రాలతో నమోదు చేస్తే, గాఢనిద్రలో మెదడు తరంగాలు మెలకువ తరంగాలతో కలిసిపోయి ఉన్నాయి. అంటే మనిషి పడుకుంది, మెదడు మాత్రం సగం మేలుకునే ఉంది. అంతటితో ఆగకుండా, ఏ జబ్బూ లేని వాళ్ళను పడుకోబెట్టి, వాళ్ళు గాఢనిద్రలోకి జారినప్పుడల్లా చప్పుడు చేసి, పూర్తిగా మేల్కొల్పకుండానే ఆ నిద్రను చెడగొట్టారు. కొద్ది రాత్రుల్లోనే వాళ్ళకూ ఒళ్ళు నొప్పులు, ముట్టుకుంటే బాధ, నీరసం వచ్చాయి. నిద్ర సరిగా పట్టనిచ్చిన తరువాత తగ్గాయి. "రాత్రంతా కుప్ప నూర్చినట్టుందే" అన్న మాటకు సాక్ష్యం నాకు అక్కడ దొరికింది. అందుకే ఒళ్ళు నొప్పులని వచ్చిన ఏ మనిషినైనా నేను ముందు నిద్ర గురించి అడుగుతాను; ఎన్ని గంటలు పడుకున్నారని కాదు, లేచేసరికి ఒళ్ళు తేలికపడిందా అని.

1981లో అమెరికాలోని పియోరియాలో మహమ్మద్ యూనస్ 50 మంది రోగులను, వయసుకూ లింగానికీ సరిపోయే 50 మంది ఆరోగ్యవంతులతో పక్కపక్కన పెట్టి చూశారు. ఈ రోగులందరి మాటల్లోనూ ఒకే వరుస ఉందని, అది కల్పించుకుని చెప్పే వరుస కాదని ఆ పరిశీలనతో తేలింది. 1990లో కీళ్ళ, కండరాల జబ్బుల వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఫ్రెడరిక్ వుల్ఫ్ నాయకత్వంలో ప్రమాణాలు ప్రకటించింది: మూడు నెలలకు పైగా ఒళ్ళంతా నొప్పి ఉండాలి, శరీరం మీద గుర్తించిన 18 చోట్లలో కనీసం 11 చోట్ల నాలుగు కిలోల ఒత్తిడికి నొప్పి పుట్టాలి.

నాలుగు కిలోల ఒత్తిడి అంటే బొటనవేలి గోరు తెల్లబడేంత నొక్కుడు. అది చేతికి అలవాటు కావడానికి నేను వార్డులో పసిపిల్లలను తూచే కాటా మీద బొటనవేలు ఆనించి, ముల్లు నాలుగు దగ్గర నిలిచేదాకా నొక్కి, మళ్ళీ తీసి, మళ్ళీ నొక్కి, కొన్ని వారాలు సాధన చేశాను. మంచి సాధనే అది. కాని ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వేలితో నాకు దొరకని రోగులు ఎక్కువయ్యారు. ముఖ్యంగా మగవాళ్ళు, వాళ్ళకు ఒళ్ళంతా నొప్పే ఉంటుంది, నొక్కితే మాత్రం 11 చోట్లు లెక్కకు రావు. 1995లో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో వుల్ఫ్ బృందం సర్వే చేసినప్పుడు జనాభాలో 2 శాతం మందికి ఈ జబ్బు ఉందని, ఆడవాళ్ళలో 3.4 శాతం, మగవాళ్ళలో 0.5 శాతం అని తేలింది. ఆ తేడాలో కొంత భాగం ఈ బొటనవేలి కొలతదేనని ఇప్పుడు మనకు తెలుసు. 2010లో కొత్త ప్రమాణాలు వచ్చి, నొక్కి చూడడం తప్పనిసరి కాదన్నాయి. శరీరాన్ని 19 భాగాలు చేసి ఎన్నింటిలో నొప్పి ఉందో లెక్కించడం, నిద్ర, అలసట, మతిమరుపు వంటి బాధలకు 12లో ఎన్ని మార్కులో వేయడం దాని పద్ధతి. అంటే కొలత వైద్యుడి వేలి నుంచి రోగి నోటికి మారింది. ఇది చిన్న మార్పు కాదు. దీని గురించి మళ్ళీ మాట్లాడతాను.

గాయం లేకుండా నొప్పి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ నాట్ల కూలీ అడిగింది ఇదే. మన చెరువు మదుమును, అంటే తూమును, గుర్తు తెచ్చుకోండి. చెరువులో ఎంత నీరున్నా పొలానికి చేరేది మదుము ఎత్తినంత మేరకే. 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వెన్నుపాములో నొప్పికి అటువంటి తలుపు ఉందన్నారు. దెబ్బ తగిలిన చోటు నుంచి వచ్చే కబురు యథాతథంగా మెదడుకు చేరదు. ఆ తలుపు దగ్గర తగ్గుతుంది లేదా పెరుగుతుంది, మెదడు నుంచి కిందికి వచ్చే ఆజ్ఞలు ఆ తలుపును దించగలవు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ మరో సంగతి చూపించారు: ఆ నరాల వ్యవస్థే ఒకసారి సున్నితమైపోతే, మామూలు స్పర్శ కూడా నొప్పిగా పైకి వెళుతుంది. ఫైబ్రోమయాల్జియాలో మదుము పైకెత్తి ఉండిపోయింది, దాన్ని దించవలసిన నీరుకట్టు, అంటే నీళ్ళు వదిలే కాపలా మనిషి, కూడా నీరసించాడు. ముంజేతి మీద గాజు బరువు అందుకే మోయరాని బరువైంది.

ఇది ఊహ అనేవారికి 2002లో రిచర్డ్ గ్రేస్లీ, డేనియల్ క్లా బృందం మెదడు చిత్రాలతో జవాబు చెప్పింది. 16 మంది రోగులు, 16 మంది ఆరోగ్యవంతులు. స్కానర్‌లో పడుకోబెట్టి బొటనవేలి గోరు మీద ఒత్తిడి పెట్టారు. ఆరోగ్యవంతులకు ఒత్తిడిగా మాత్రమే తోచే నొక్కుడుకు రోగుల మెదడులో నొప్పికి సంబంధించిన ప్రాంతాలు మేల్కొన్నాయి. ఆరోగ్యవంతుల మెదడులో అవే ప్రాంతాలు మేల్కొనాలంటే చాలా ఎక్కువ గట్టిగా నొక్కవలసి వచ్చింది. రోగి నొప్పి అన్నప్పుడు ఆమె మెదడు కూడా నొప్పి అనే అంటోంది. అంతకు ముందే 1994లో జాన్ రస్సెల్ బృందం ఈ రోగుల వెన్నునీటిలో నొప్పిని మోసే 'సబ్‌స్టెన్స్ పి' అనే పదార్థం మామూలు కన్నా దాదాపు మూడు రెట్లు ఉందని చూపింది. మనం రాసే రక్తపరీక్షల్లో ఇవేవీ కనిపించవు. రిపోర్టు నార్మల్ అంటే మనం వెతికిన చోట ఏమీ దొరకలేదని మాత్రమే అర్థం. 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఈ తరహా బాధకు 'నోసిప్లాస్టిక్ నొప్పి' అని ప్రత్యేకంగా పేరే పెట్టింది.

ఇక మన జిల్లా సంగతి. ఇక్కడ ఈ అజ్ఞానానికి ధర మరింత ఎక్కువ. డాక్టరు ఏమీ లేదన్న మనిషి నొప్పితో ఇంట్లో కూర్చోదు. మందుల కొట్టుకు వెళుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక జీడి కార్మికురాలు, పలాస వైపు బట్టీలో జీడిపిక్కలు కొట్టే మనిషి, జీడి చమురుకు నల్లబడిన వేళ్ళతో చీర కొంగు ముడి విప్పి ఒక బిళ్ళల అట్ట చూపించింది. డైక్లోఫెనాక్. రోజుకు రెండు, ఒక్కోసారి మూడు, ఆరేళ్ళుగా. తగ్గిందా అని అడిగాను. "తగ్గనేదమ్మా, ఏసుకోకపోతే ఇంకెలాగుంటాదోనని బయం" అంది. ఈ జాతి నొప్పిబిళ్ళలు వాపు మీద పనిచేస్తాయి. వాపే లేని ఈ జబ్బులో వాటి వల్ల ఒరిగేది దాదాపు లేదు, మూత్రపిండాలకు జరిగే చేటు మాత్రం ఉంది. ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. దానికి మూలకారణం ఇంతవరకు తేలలేదు, నొప్పిబిళ్ళలే కారణమని నేను అనడం లేదు. కాని మూత్రపిండాలు ముందే ప్రమాదంలో ఉన్న నేల మీద, పనిచేయని బిళ్ళను ఏళ్ళ తరబడి మింగించడం నేరమంత తప్పు. ఆశా కార్యకర్తలకు నా మొదటి విన్నపం ఇదే: మీ ఊళ్ళో ఒళ్ళు నొప్పులని చెప్పే మనిషి కొంగు ముడిలో ఏ అట్ట ఉందో అడగండి.

నొప్పి సూది పేరుతో వేసే స్టెరాయిడ్ల సంగతీ అంతే. ఈ జబ్బులో అవి పనిచేయవని 1985లోనే ఉత్తుత్తి బిళ్ళతో పోల్చి చూసి తేల్చారు.

ఇప్పుడు నేను ఎక్కువకాలం చేసిన పని గురించి చెబుతాను. కొలత రోగి నోటికి మారింది అన్నాను కదా. అలాంటప్పుడు అడిగే ప్రశ్న ఆ మనిషి బతుకులోంచి రావాలి. 1991లో ఈ జబ్బు కోసం ఒరెగాన్‌లో తయారైన ప్రశ్నపత్రం ప్రపంచమంతా వాడతారు. మంచి పత్రం. కాని అందులో కారు నడపగలరా, వాషింగ్ మెషీన్‌లో బట్టలు ఉతకగలరా, తివాచీని వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేయగలరా అని ఉంటుంది. ఆ ప్రశ్నలను తెలుగులోకి మార్చి నాట్ల కూలీని అడిగితే ఆమె నా ముఖం చూసింది. అందుకని నేను నోటుపుస్తకం పట్టుకుని ఊళ్ళ మీద పడ్డాను. బిందెడు నీళ్ళు చంకనెత్తుకుని గుమ్మం దాకా రాగలరా? తడిసిన చీర పిండగలరా? కింద కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవగలరా? ముగ్గు వేసి నడుము ఎత్తగలరా? గాజులు వేసుకోగలుగుతున్నారా? చివరి ప్రశ్నకు ఒక ఊళ్ళో ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ముగ్గురూ ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. అది తమ ఒక్కరికే ఉన్న వింత అని అప్పటిదాకా ఎవరికి వారు అనుకున్నారట.

నొప్పికి వాళ్ళు వాడే మాటలు కూడా రాసుకున్నాను. మెల్జాక్ 1975లో ఇంగ్లీషులో నొప్పిని చెప్పే 78 మాటలను 20 గుంపులుగా పేర్చి ఒక పత్రం చేశారు. మన భాష దానికి తీసిపోయేది కాదు. పోటు వేరు, సలుపు వేరు. గోరుచుట్టు సలుపుతుంది, పన్ను పోటు పెడుతుంది, కాళ్ళు పీకుతాయి, నడుము కలుక్కుమంటుంది, ఎండలో పనిచేసి వస్తే ఒళ్ళు పులిసిపోతుంది. నరం నలిగిన నొప్పికి చురుకు, తిమ్మిరి అంటారు. కీలు వాచిన నొప్పికి పట్టేసింది అంటారు. ఫైబ్రోమయాల్జియా మనిషి మాత్రం "ఇదీ అని సెప్పనేను, ఒళ్ళంతా పచ్చిపుండు" అంటుంది. ఆ చెప్పలేకపోవడమే ఒక లక్షణం. దాన్ని మనం గందరగోళం అని కేసుషీటులో రాసి దాటిపోతున్నాం. నొప్పికి పదిలో ఎన్ని మార్కులు అంటే ముసలమ్మలు తేల్చుకోలేకపోయేవారు. రూపాయికి ఎన్నణాల నొప్పి అని అడిగితే క్షణం ఆలోచించి, "ఇయ్యాల పన్నెండణాలు" అని కచ్చితంగా చెప్పేవారు.

వైద్యం గురించి క్లుప్తంగా. ముందుగా రక్తహీనత, థైరాయిడ్, డి విటమిన్ లోపం, కీళ్ళవాతం, ఏజెన్సీ వైపు నుంచి వచ్చినవారైతే సికిల్ సెల్ జబ్బు ఉన్నాయేమో చూడాలి. అవి ఉంటే వాటి మందు వాటికి ఇవ్వాలి. ఫైబ్రోమయాల్జియాకు ప్రిగాబలిన్‌ను 2007లో, డ్యులోక్సెటిన్‌ను 2008లో, మిల్నాసిప్రాన్‌ను 2009లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. రాత్రిపూట చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ చాలామందికి నిద్రనిస్తుంది. ఏ మందూ అందరికీ పనిచేయదు. ఐరోపా రుమటాలజీ సంఘం 2016లో సవరించి ప్రకటించిన సూచనల్లో గట్టిగా సిఫారసు చేసినది ఒక్కటే: వ్యాయామం. కాని పొద్దుటి నుంచి పొలంలో వంగి పనిచేసిన మనిషికి వ్యాయామం చెయ్యమని చెప్పడం చాలా జాగ్రత్తగా చెప్పవలసిన మాట. పని వేరు, ఒంటికి హాయినిచ్చే కదలిక వేరు. ఆ జీడి కార్మికురాలితో మొదటి వారం తమ వీధి చివరి వేపచెట్టు దాకా, వెనక్కి, అంతే అన్నాను. బాగున్న రోజు కూడా అంతే. బాగున్న రోజున నెల పనంతా చేసేసి, మరుసటి మూడు రోజులు పడకేయడమే ఈ జబ్బులో పెద్ద ఉచ్చు. ఎనిమిది నెలలకు ఆమె చెరువు గట్టు దాకా నడిచింది. నొప్పి పోలేదు. డైక్లోఫెనాక్ పోయింది, నిద్ర వచ్చింది, బట్టీలో రోజు విడిచి రోజు పనికి వెళుతోంది. పన్నెండణాలు ఆరణాలు అయింది.

జవాబులు అన్నీ దొరికాయని అనుకోకండి. 2021లో లండన్, లివర్‌పూల్, స్టాక్‌హోమ్ పరిశోధకులు ఈ రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, ఆ ఎలుకలు ఒత్తిడికీ చలికీ తట్టుకోలేకపోయాయి, వాటి పట్టు సడలింది, కొన్ని వారాల్లో మళ్ళీ మామూలయ్యాయి. ఆరోగ్యవంతుల యాంటీబాడీలతో అలా జరగలేదు. అది కొందరి విషయంలోనైనా రోగనిరోధక వ్యవస్థ వైపు వేలెత్తి చూపుతోంది. నా ముందున్న యువ వైద్యుల్లో ఎవరైనా ఆ దారి పడితే, నా కన్నా చాలా దూరం వెళతారు.

మా పెద్దమ్మ నేను ఇవన్నీ నేర్చుకునేదాకా బతికి ఉంది. ఒక పండక్కి వెళ్ళినప్పుడు ఆమె పక్కన కూర్చుని, పెద్దమ్మా, నీ నొప్పికి పేరుంది, అది నిజమే అని చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మీ పెదనాన్నకి సెప్పు" అంది. చెప్పాను.

వెనుక బల్ల మీద నా ప్రశ్నపత్రం ప్రతులు పెట్టించాను. ఇది పొందూరు, ఆమదాలవలస, పలాస వైపు మాటలతో తయారైంది. ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇళ్ళలోనూ, సీతంపేట వైపు సవర ఇళ్ళలోనూ ఈ బాధను ఏ మాటతో చెబుతారో నా దగ్గర సరిగా లేదు. ఆ ఊళ్ళ నుంచి వచ్చిన ఆశా కార్యకర్తలు పత్రం వెనుక ఖాళీ వదిలిన చోట ఆ మాటలు రాసి, వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర అమ్మాయికి ఇవ్వండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, వింటాను.